టేకు పైపలకతో గిటార్ మూగబోతే

అన్నా, అల్లాపల్లి టేకుతోనే మొత్తం గిటార్ చేశారు, మీటితే 'దబ్' మని ఆగిపోతోంది, వానలు పడగానే బ్రిడ్జి (పైపలక మీద తీగలు బిగించే పట్టీ) వెనక ఉబ్బిందన్నారు. రెండింటికీ మూలం పైపలకే.

టేకు ఘనపు మీటరుకు సుమారు 650 కిలోలు, గిటార్ పైపలకలకు వాడే సిట్కా స్ప్రూస్ అనే తేలిక కలప 420. అంత బరువును తీగ ఎక్కడ కదిలిస్తుంది? మీ 3.5 మి.మీ. పలకను 2.5కి చిత్రిక పడితే గట్టితనం మూడో వంతు పైచిలుకే మిగులుతుంది, తీగల లాగుడుకు వంగిపోతుంది. పైపలక మార్చడమే మేలు. స్ప్రూస్, 2.8 మి.మీ., అంచులో చారలు నిలువుగా ఉన్నది తీసుకోండి. మూల దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని వేలి కణుపుతో కొట్టండి, కంచు పళ్లెంలా మోత సాగాలి.

వెనక, పక్కలకు టేకు భేషు (మందం వెనక 2.5, పక్కలకు 2 మి.మీ.). నూనె కలప కదా, అసిటోన్‌తో తుడిచి ఆరగానే జిగురు పెట్టండి. మర్నాటికి వాయిదా వేస్తే నూనె మళ్లీ పైకొస్తుంది.

ఉబ్బు సంగతి: సిరొంచ మే ఎండల్లో ఎండిన పలకకు బ్రేసులు (పలక కింద అడ్డంగా పెట్టే బలపు కర్రలు) అతికించారు. వానల్లో పలక అడ్డంగా పెరిగింది, బ్రేసులు పెరగలేదు. వానల్లో అతికిస్తే వేసవికి చీలేది. హైగ్రోమీటర్ గాలిలో తేమ 45–50 శాతం చూపినప్పుడే అతికించండి.