మాస్టారిని అడగండి: ‘ఎక్స్‌ప్లెయిన్ మి’ ఎందుకు తప్పు?

ప్రశ్న: మాస్టారూ, నేను ఇంగ్లిష్‌లో ఎం.ఏ. చేసి బ్యాంకులో పనిచేస్తున్నాను. టెన్సులు, ఆర్టికల్సు తడబడను. అయినా మొన్న పై ఆఫీసుకి రాసిన మెయిల్లో ‘డిస్కస్ అబౌట్ ద లోన్’, ‘ఎక్స్‌ప్లెయిన్ మి ద రూల్’ అన్న రెండు చోట్లా మేనేజరు గారు గీత పెట్టారు. ‘టాక్ అబౌట్’, ‘టెల్ మి’ ఒప్పయితే ఇవెందుకు తప్పు?
– ఓ పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, మీ మేనేజరు గారు గీతతో సరిపెట్టారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను మా ప్రిన్సిపాల్‌కి ‘ప్లీజ్ సజెస్ట్ మి ఎ డేట్’ అని రాశాను. ఆయన ‘మి’ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, స్టాఫ్‌రూములో అందరి ముందూ చేతికిచ్చారు. ఆ వారం నేను క్లాసులో చెబుతున్న పాఠం ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్టే, అంటే ‘గివ్ మి ఎ పెన్’లో ‘మి’ లాంటిదే!

నాకు ఇవ్వు, నాకు చెప్పు, నాకు వివరించు. మన ‘నాకు’ ఏ క్రియ పక్కనైనా కూర్చుంటుంది. ఇంగ్లిష్‌లో ఆ కుర్చీ గివ్, టెల్, షో, సెండ్ లాంటి కొన్నిటికే. ఎక్స్‌ప్లెయిన్, సజెస్ట్, డొనేట్ మనిషి ముందు ‘టు’ పెట్టమంటాయి. లాటిన్ నుంచి వచ్చిన క్రియలకే ఈ పట్టింపు అంటారు. కానీ ప్రామిస్ కూడా లాటిన్‌దే, ‘ప్రామిస్ మి’ ఒప్పే. కాబట్టి ఆ సూత్రం మీద మరీ భారం వేయకండి.

‘అబౌట్’ మన ‘గురించి’ తెచ్చిన తంటా. లోను గురించి చర్చించాం కదా! పైగా ‘డిస్కషన్ అబౌట్’ ఒప్పు. నామవాచకానికి దక్కిన అబౌట్ క్రియకి దక్కలేదు.

ఎంత చదివినా మాతృభాష లోపల్నుంచి క్రియని అందిస్తూనే ఉంటుంది. ఊటె రోమర్, మాథ్యూ ఓడానెల్, నిక్ ఎల్లిస్ 2014లో ప్రచురించిన పరిశోధనలో జర్మన్, చెక్, స్పానిష్ వాళ్లకి క్రియ చోట ఖాళీ వదిలిన ఇంగ్లిష్ వాక్యాలిచ్చి నింపమన్నారు. బాగా నేర్చినవాళ్లే, అయినా వాళ్లు ఎంచుకున్న క్రియల్లో సొంత భాష జాడ కనిపించింది.

సాయంత్రం మా ఇంటికొచ్చే పిల్లలకి నేనూ ‘షి – అక్రాస్ ద రోడ్’ ఇచ్చి చూశాను. ఎక్కువమంది ‘వెంట్’ రాశారు. ఒకడు ‘క్రాస్డ్’ రాసి, పక్కన అక్రాస్ చూసుకుని కొట్టేశాడు. మనం ‘పరిగెత్తుకుంటూ రోడ్డు దాటింది’ అంటాం. దాటడమే అసలు క్రియ, పరుగు దాని వెనకాల వస్తుంది. ఇంగ్లిష్‌కి పరుగే క్రియ, దాటడమంతా ‘అక్రాస్’లో ఉంది: ‘షి ర్యాన్ అక్రాస్ ద రోడ్’. కృష్ణని ఈదుకుంటూ దాటినవాణ్ణి మనవాళ్లు ‘క్రాస్డ్ ద రివర్ బై స్విమ్మింగ్’ అని రాస్తారు. తప్పని కొట్టేయలేం గానీ, లోపలి తెలుగు పంచె అంచు కనబడుతూనే ఉంటుంది.

నోటుబుక్కులో ‘ఎక్స్‌ప్లెయిన్ అంటే వివరించు’ అని రాసుకోకండి. ‘ఎక్స్‌ప్లెయిన్ ద రూల్ టు ద కస్టమర్’ అని మీ కౌంటర్ దగ్గరి వాక్యమే రాసుకోండి. క్రియతోపాటు దాని చుట్టుపక్కలవాళ్లూ గుర్తుంటారు.

ఇక మీ మెయిల్: ‘డిస్కస్ ద లోన్’, ‘ఎక్స్‌ప్లెయిన్ ద రూల్ టు మి’. ‘డిస్కస్ అబౌట్’ మన దేశంలో పెద్దపెద్దవాళ్ల నోటా వినిపిస్తుంది. ఎవరైనా అంటే దిద్దబోకండి, పై ఆఫీసుకి రాసేటప్పుడు మాత్రం తీసేయండి.