బ్లేడ్ రన్నర్ పొగ ముందు 2049 తేలిపోతుంది

హాలీవుడ్ సైన్స్ ఫిక్షన్ సినిమా ‘బ్లేడ్ రన్నర్’, దాని తర్వాతి భాగం ‘బ్లేడ్ రన్నర్ 2049’: రెండిట్లో ఎవరి కెమెరా పని గొప్ప అని అడిగారు. నా ఓటు 1982 నాటి మొదటి సినిమాకే, దాని కెమెరామన్ జోర్డన్ క్రోనెన్‌వెత్‌కే.

2049కి కెమెరా పట్టిన రోజర్ డీకిన్స్‌ది తక్కువ పనేం కాదు. నారింజ రంగు లాస్ వేగస్, వాలెస్ ఆఫీసు గోడల మీద కదిలే నీటి వెలుగు కళ్ళు తిప్పుకోనివ్వవు. కానీ ప్రతి ఫ్రేమూ మరీ శుభ్రంగా, ముందే లెక్క కట్టి పెట్టినట్టు ఉంటుంది. క్రోనెన్‌వెత్ సెట్ నిండా పొగ పట్టించి, పాత్రల వెనక నుంచి లైట్లు కొట్టారు. అందుకే హీరో డెకార్డ్ ఇంటి కిటికీలోంచి వచ్చే వెలుగు చారలకు ఒక బరువుంటుంది.

పొగ విలువ నాకు పెళ్ళి వీడియోలు తీసే రోజుల్లో తెలిసింది. తెనాలి దగ్గర ఒక పెళ్ళిలో తెల్లవారుజామున ముహూర్తం. తలంబ్రాలు అయ్యేసరికి ఎండ పొడిచింది. హోమం పొగ మండపమంతా పరుచుకుంది, తూర్పు కిటికీల ఎండ అందులో పడి వరసగా కడ్డీల్లా నిలబడింది. పెళ్ళికూతురు తలెత్తితే సగం మొహమే కనిపిస్తోంది, జడలో పువ్వుల అంచులు మెరుస్తున్నాయి. నేను లైటు ఆపేసి తీస్తున్నాను. ఇంతలో వాళ్ళ బాబాయిగారు వచ్చి, “లైటెయ్యవయ్యా, మొహాలు నల్లగా పడితే మా వదిన ఊరుకోదు” అన్నారు. వేశాను. ఆ కడ్డీలన్నీ ఒక్కసారిగా మాయమైపోయాయి.

ఇప్పటి పెళ్ళి వీడియోలన్నిటికీ ఇదే జబ్బు. నాలుగు వైపులా ఎల్‌ఈడీ ప్యానెళ్ళు, ఎక్కడా నీడ లేదు. మన సినిమాలూ అదే దారిలో ఉన్నాయి, రాత్రి సీన్లో కూడా హీరో మొహం ట్యూబులైటులా వెలగాలి!

అవార్డులతో దీన్ని తేల్చకండి. డీకిన్స్‌కు 14వ నామినేషన్‌తో తొలి ఆస్కార్ వచ్చింది 2049కే. క్రోనెన్‌వెత్‌కు బ్రిటిష్ సినిమా అవార్డు బాఫ్తా ఇచ్చారు, ఆస్కార్ వాళ్ళు కనీసం నామినేట్ చేయలేదు. నాకది ఇప్పటికీ మింగుడుపడదు.

పాత బ్లేడ్ రన్నర్ చూస్తే 2007 ఫైనల్ కట్, అంటే దర్శకుడు చివరిగా ఖరారు చేసిన కూర్పు, చూడండి, గదిలో లైట్లు ఆపేసి. టీవీలో మోషన్ స్మూతింగ్ (కదలికల్ని మరీ నున్నగా చేసే సెట్టింగ్) కూడా తీసేయండి, లేకపోతే రెండూ సీరియల్లాగే కనిపిస్తాయి.