స్టాంపు కాగితం రాసుకున్నంత మాత్రాన తుపాకీ చేతులు మారదు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గరి పల్లె. మా నాన్నగారి పేరు మీద లైసెన్సు ఉన్న 12 బోరు డబుల్ బ్యారెల్ తుపాకీ ఉంది. ఆయనకు 72 ఏళ్లు, చూపు తగ్గింది. ఇక ఇంట్లో ఉంచడం ఎందుకు, అమ్మేద్దాం అంటున్నారు. కల్వకుర్తి వైపు తెలిసిన రైతు ఒకాయన కొంటానన్నారు. ‘అడవిపందులు పల్లీ చేనును మిగలనివ్వడం లేదు, తుపాకీ ఇప్పుడే ఇవ్వండి. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకుందాం. లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకున్నాను, రాగానే నా పేరు మీదకు మార్పించుకుంటాను’ అంటున్నారు. నాన్నగారి లైసెన్సు గడువు ఇంకో నెలలో ముగుస్తుంది. ఇలా అమ్మవచ్చా?

జవాబు: మీ నాన్నగారు తుపాకీ అమ్మవచ్చు. కానీ ఆ రైతు చెప్పిన పద్ధతిలో మాత్రం ఒప్పుకోకండి. ఆయన ఎంత మంచివారైనా, ఎంత కాలంగా తెలిసినవారైనా సరే, లైసెన్సు చేతికి రాకముందు తుపాకీ ఇస్తే ఇద్దరూ నేరంలో ఇరుక్కుంటారు. ట్రాక్టరు అమ్మేటప్పుడు ముందు బండి ఇచ్చేసి, ఆర్‌సీ తరువాత నింపాదిగా మార్పించుకోవడం మన పల్లెల్లో అలవాటు. తుపాకీ విషయంలో ఆ అలవాటు జైలుకు దారి తీస్తుంది. ఇక్కడ కాగితాలు ముందు పూర్తి కావాలి, వస్తువు చివర చేతులు మారాలి.

1959 నాటి ఆయుధాల చట్టంలో సెక్షన్ 5(2) మీకు పనికొచ్చేది. సొంత వాడకానికి చట్టబద్ధంగా ఉంచుకున్న ఆయుధాన్ని, దాన్ని ఉంచుకునే అర్హత ఉన్న మరొకరికి అమ్ముకోవచ్చని, అందుకు డీలరు లైసెన్సు అవసరం లేదని అది చెబుతుంది. అయితే రెండు షరతులు పెట్టింది. తుపాకీ అమ్మబోతున్నానని, కొనే వ్యక్తి పేరు, చిరునామాతో సహా జిల్లా మెజిస్ట్రేటుకు గాని, దగ్గరి పోలీసు స్టేషను అధికారికి గాని ముందుగా రాతపూర్వకంగా తెలియజేయాలి. అలా తెలియజేశాక కనీసం 45 రోజులు గడవాలి. ఈ షరతులు పాటించకుండా అమ్మితే సెక్షన్ 25(3) కింద ఆరు నెలల వరకు జైలు శిక్ష పడవచ్చు.

చట్టం ‘గాని’ అన్నా, నేను మాత్రం రెండు చోట్లా ఇవ్వమంటాను. నల్లగొండ కలెక్టరేట్‌లో ఒక దరఖాస్తు, మీ ఠాణాలో దాని నకలు. కలెక్టరేట్‌లో ఇచ్చినప్పుడు మీ దగ్గర ఉండే ప్రతి మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి. 45 రోజుల లెక్క మొదలయ్యేది ఆ తేదీ నుంచే కాబట్టి రేపు మీకు అదే సాక్ష్యం. నోటిమాటగా ఎస్సైగారికి చెప్పాం అంటే కోర్టులో నిలవదు. గడువు దాటాక కూడా కలెక్టరేట్‌లో ఆయుధాల లైసెన్సులు చూసే సెక్షన్ నుంచి రాతపూర్వక జవాబు తీసుకునే తుపాకీ ఇవ్వండి. కొంచెం ఆలస్యమవుతుంది, కానీ మనశ్శాంతి ఉంటుంది.

ఇక కొనే ఆయన సంగతి. దరఖాస్తు పెట్టుకోవడం వేరు, లైసెన్సు ఉండటం వేరు. దరఖాస్తు చేతిలో పట్టుకుని తుపాకీ ఉంచుకుంటే అది లైసెన్సు లేని ఆయుధమే. దానికి 2019 సవరణ తరువాత కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్ల జైలు. అమ్మినవారికి ఇంకా కష్టం. లైసెన్సు లేనివారికి ఇలా సెక్షన్ 5కు విరుద్ధంగా తుపాకీ అమ్మితే ఏడేళ్లకు తగ్గకుండా యావజ్జీవం వరకు శిక్ష వేసే వీలును అదే సవరణ కల్పించింది. తీసుకునే వ్యక్తికి అర్హత ఉందో లేదో ముందుగా తెలుసుకోకుండా ఆయుధం చేతికివ్వడాన్ని కూడా సెక్షన్ 29 నేరంగానే చూస్తుంది. మీ స్టాంపు కాగితం వీటిలో దేని నుంచీ కాపాడదు. పైగా ఎవరు, ఎప్పుడు, ఎవరికి ఇచ్చారో మీ సంతకాలతోనే పోలీసులకు రాసిచ్చినట్టవుతుంది. చట్టవిరుద్ధమైన బేరం కనుక బాకీ డబ్బు రాకపోయినా కోర్టు మీకు ఇప్పించదు.

కాబట్టి ఆయన చేతికి లైసెన్సు వచ్చేదాకా ఆగండి. వచ్చాక అసలు పుస్తకాన్ని మీ కళ్లతో చూడండి, ఫోనులో ఫొటో చాలదు. గడువు, 12 బోరు తుపాకీకి అనుమతి, ఆయుధం కొనుక్కోవలసిన ఆఖరు తేదీ, లైసెన్సుదారుకు ఇచ్చే విశిష్ట గుర్తింపు సంఖ్య (యూఐఎన్) చూసుకోండి. ఆయనకు ఇప్పటికే రెండు తుపాకులు ఉంటే మూడోది కొనకూడదు. పాత పరిమితి మూడు, 2019లో రెండుకు తగ్గించారు.

ఒక విషయం మొహమాటం లేకుండా అడగండి. ఆయన మీద బైండోవర్, అంటే గొడవలకు దిగనని రాయించుకునే బాండు, ఏమైనా ఉందా? మన జిల్లాల్లో పంచాయతీ ఎన్నికలు వచ్చాయంటే తహసీల్దారు ముందు బైండోవర్ చేయడం మామూలు. చేయించుకున్నవారు దాన్ని కేసుగా కూడా లెక్కపెట్టరు. కానీ శాంతిభద్రతల కోసం బాండు రాసిచ్చిన వ్యక్తి ఆ బాండు గడువు ఉన్నంత కాలం ఆయుధం ఉంచుకోరాదని సెక్షన్ 9 చెబుతుంది. 21 ఏళ్లు నిండనివారికి, హింసతో కూడిన నేరంలో శిక్ష పడి విడుదలయ్యాక ఐదేళ్లు గడవనివారికి కూడా అదే నిషేధం.

అన్నిటికంటే ముందు చూసుకోవలసింది మీ నాన్నగారి లైసెన్సు. ఒక నెలలో అది ముగుస్తుంటే 45 రోజుల గడువు దాని లోపల పూర్తి కాదు. గడువు తీరిన మరుసటి రోజు నుంచి ఆ తుపాకీ ‘చట్టబద్ధంగా ఉన్నది’ కాదు, సెక్షన్ 5(2) వెసులుబాటూ ఉండదు. కనుక ఈ వారమే రెన్యువల్‌కు దరఖాస్తు పెట్టించండి. గడువు తేదీ వరకు రెన్యువల్ రాకపోతే ఆ రోజు దాటకుండా తుపాకీని, మిగిలిన తూటాలను ఠాణాలో గాని, లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గాని జమ చేసి రసీదు తీసుకోండి. అలా జమ చేస్తే హక్కు పోతుందని చాలామంది భయపడతారు. పోదు. జమ చేసిన ఆయుధాన్ని నిర్ణీత గడువులోగా అర్హత ఉన్నవారికి అమ్మించి ఆ సొమ్ము తీసుకునే హక్కు సెక్షన్ 21 ఇస్తుంది. రెన్యువల్ అక్కర లేదనుకుంటే మీకు ఈ దారే సులువని నా అభిప్రాయం.

మీ గురించి కూడా ఒక మాట. లైసెన్సు నాన్నగారిది, మీది కాదు. మరమ్మతుకో, రెన్యువల్‌కో, ఆయన వాడకానికో అయితే ఆయన సమక్షంలో గాని, ఆయన రాతపూర్వక అనుమతితో గాని మీరు తుపాకీ మోయవచ్చు. కొనేవారికి చూపించడం ఆ జాబితాలో లేదు. బైకు మీద వేసుకుని కల్వకుర్తి తీసుకెళ్లకండి. కొనే ఆయన్నే మీ ఇంటికి రమ్మనండి, నాన్నగారి ఎదుటే చూడమనండి. అప్పగించే రోజు కొనే ఆయన తుపాకీని ఎక్కడిదాకా తీసుకెళ్లవచ్చో ఆయన లైసెన్సులో చూడండి. కొన్ని లైసెన్సులు ఒక్క జిల్లాకే చెల్లుతాయి. ఆయనది నాగర్‌కర్నూల్ జిల్లా, మీది నల్లగొండ జిల్లా. అలాంటి లైసెన్సు అయితే మీ ఊరి నుంచి తీసుకెళ్లడానికి కలెక్టరేట్‌లో ముందే అనుమతి అడగాలి.

ఆ రోజు తుపాకీ మీద చెక్కి ఉన్న నంబరును లైసెన్సు పుస్తకంలోని నంబరుతో ఒక్కొక్క అంకె చదివి పోల్చండి. పాత తుపాకుల మీద తుప్పు పట్టి 3కూ 8కీ తేడా తెలియదు, కొబ్బరినూనె గుడ్డతో తుడిచి వెలుతురులో చూడాలి. అదే నంబరు, తయారీ, బోరు, ఇచ్చే తూటాల సంఖ్య, తేదీ రసీదులో రాసి ఇద్దరూ సంతకం చేయండి. డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోండి. తరువాత ఆలస్యం చేయకుండా ఆయుధాల సెక్షన్‌కు వెళ్లి నాన్నగారి లైసెన్సులో ఆ తుపాకీ నమోదును తీసివేయించండి. అది చేయనంత వరకు ఆ తుపాకీతో ఎక్కడ ఏం జరిగినా పోలీసులు ముందు తట్టేది మీ తలుపే.

కొనే ఆయనకు ఇది కూడా చెప్పండి. పంట కాపలాకు లైసెన్సు దొరికినా అది అడవిపందిని కాల్చడానికి అనుమతి కాదు. అందుకు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద విడిగా అనుమతి కావాలి. ఈ మాట విన్నాక ఆయనకు తుపాకీ అవసరం లేదనిపిస్తే బేరం అక్కడితో ఆపి, హైదరాబాద్‌లోని లైసెన్సు ఉన్న ఆయుధ డీలరును అడగండి. ధర కొంత తగ్గవచ్చు, కానీ కొనేవారి అర్హత గురించి మీరు దిగులు పడే పని ఉండదు.