రోజూ క్యాలిబ్రేషన్ చేస్తున్నా ఎస్‌జీపీటీ కంట్రోల్ ఎందుకు రేంజ్ దాటుతోంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: సెమీ ఆటో ఎనలైజర్‌లో (రక్త పరీక్షలు చేసే మెషీన్) రోజూ ఉదయం క్యాలిబ్రేషన్ చేస్తున్నారు, అంటే విలువ తెలిసిన ద్రవంతో మెషీన్‌ను సరిచేస్తున్నారు. అయినా ఎస్‌జీపీటీ (కాలేయ ఎంజైమ్ పరీక్ష) కంట్రోల్, అంటే మెషీన్ సరిగా చదువుతోందో లేదో చూసే నమూనా, తరచూ రేంజ్ దాటుతోంది. దాటినప్పుడల్లా మళ్లీ క్యాలిబ్రేట్ చేసి రిపోర్టులు ఇచ్చేయవచ్చా?

వద్దండీ. బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. ఈ అలవాటు వల్ల అసలు లోపం ఎన్ని రోజులు దాక్కుంటుందో దగ్గర నుంచి చూశాను.

ముందు ఒక లెక్క చూడండి. సగటుకు అటూ ఇటూ రెండు ఎస్‌డీల హద్దు (ఎస్‌డీ అంటే రీడింగులు సగటు చుట్టూ మామూలుగా ఎంత చెదురుతాయో చెప్పే కొలత) పెట్టుకుంటే, అంతా బాగున్నా దాదాపు 20 రీడింగుల్లో ఒకటి దాని బయట పడుతుంది. ఆ ఒక్కదాన్ని చూసి క్యాలిబ్రేట్ చేస్తే బాగున్న మెషీన్‌ను మనమే పక్కకు జరిపినట్టు. అందుకే 1981లో వెస్ట్‌గార్డ్ బృందం కంట్రోల్ రీడింగుల కోసం ఇచ్చిన నియమాల్లో రెండు ఎస్‌డీలు దాటడం హెచ్చరిక మాత్రమే. మూడు ఎస్‌డీలు దాటినా, వరసగా రెండుసార్లు ఒకే వైపు రెండు ఎస్‌డీలు దాటినా రన్ (ఆ విడత పరీక్షలు) ఆపాలి. వరసగా పది రీడింగులు సగటుకు ఒకే పక్కన ఉన్నా వదలకూడదు. ఎల్‌జే చార్ట్ (రోజువారీ కంట్రోల్ రీడింగుల గ్రాఫ్) గీయకపోతే ఈ చివరిది అసలు కంటపడదు.

ఇక కారణం వెతకడం. నేను మొదట అడిగేది ఒకటే: ఎస్‌జీపీటీ ఒక్కటే తప్పుతోందా, దానితో పాటు ఇంకేమైనా తప్పుతున్నాయా? మేము ఒక వేసవిలో ఇదే సమస్యతో తలపట్టుకున్నాం. ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ, యూరియా మూడూ తగ్గుతున్నాయి. గ్లూకోజ్, కొలెస్ట్రాల్ మాత్రం చక్కగా ఉన్నాయి. రీఏజెంట్ (పరీక్షకు వాడే రసాయనం) లాట్ మార్చాం, లాభం లేదు. పాత క్యాలిబ్రేషన్ రికార్డులు తీస్తే, ఆ మూడింటి ఫ్యాక్టర్ (రీడింగును ఫలితంగా మార్చడానికి గుణించే అంకె) వారం వారం పెరుగుతూ వచ్చింది. ఆ మూడూ 340 నానోమీటర్ల కాంతి దగ్గర చదివే టెస్టులే! మెషీన్‌లోని హాలోజన్ ల్యాంప్ పాతబడితే ముందు బలహీనపడేది అక్కడే. ల్యాంప్ మార్చి, ఒక్కసారి క్యాలిబ్రేట్ చేశాక కంట్రోల్స్ కుదుటపడ్డాయి. అప్పటిదాకా రోజూ చేసిన క్యాలిబ్రేషన్ ఆ జబ్బును కప్పిపుచ్చింది, అంతే.

అదే అన్ని టెస్టులూ కలిసి పెరిగితే నా అనుమానం కంట్రోల్ వయల్ (చిన్న సీసా) మీదే. పొడిలో నీళ్లు తక్కువ పడి ఉండాలి, లేదా మూత తీసి ఉంచడంతో ఆవిరై ఉండాలి. బిలిరుబిన్ ఒక్కటే పడిపోతే వయల్ వెలుతురులో ఉందేమో చూడండి. ఎంజైములన్నీ తగ్గితే క్యూవెట్ (మెషీన్ శాంపిల్‌ను చదివే చిన్న పాత్ర) దగ్గర 37 డిగ్రీలు నిజంగా ఉందా అని కొలవండి. స్క్రీన్ మీద కనిపించే అంకెను నమ్మొద్దు. పైపెట్‌ను కూడా బ్యాలెన్స్ మీద నీటి బరువుతో సరిచూడాలి. చిన్న ల్యాబుల్లో దీన్ని ఎవరూ పట్టించుకోరు, నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది.

పక్క ల్యాబ్‌తో పోల్చి చూస్తున్నామని కూడా రాశారు. అది రుజువు కాదు. క్రియాటినిన్‌నే తీసుకోండి, జాఫే పద్ధతికీ ఎంజైమ్ పద్ధతికీ మామూలుగానే తేడా ఉంటుంది. దానికి బదులు వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి నడిపే ఈక్వాస్ (ల్యాబుల నాణ్యతను బయటి నుంచి పరీక్షించే పథకం) లాంటి దాంట్లో చేరండి. విలువ చెప్పకుండా శాంపిల్ పంపుతారు. మీ పద్ధతే వాడే మిగతా ల్యాబులతో మీ ఫలితాన్ని పోల్చి చెబుతారు. ఆ ఖర్చుకు మీ యజమానిని ఎలాగైనా ఒప్పించండి.

రేపు ఉదయం క్యాలిబ్రేటర్ తీయకముందే గత రెండు నెలల ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ, యూరియా ఫ్యాక్టర్లు ఒక కాగితం మీద వరసగా రాసి చూడండి. అవి ఒకే దిశలో కదులుతుంటే ల్యాంప్, 340 ఫిల్టర్ చూడమని సర్వీస్ ఇంజనీర్‌ను పిలవండి. తేలేదాకా ఆ మూడు టెస్టుల శాంపిల్స్ బయటికి పంపించి చేయించండి.