లిజనింగ్‌లో ఆ ఏడు మార్కుల కోసం

బిడ్డా,

బ్రిటన్‌లో నర్సు ఉద్యోగం కోసం రాస్తున్న ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్షలో, విని జవాబులు రాసే లిజనింగ్‌లో నువ్వు 6 దగ్గరే ఆగిపోతున్నావని, కోచింగ్‌లో ఇంగ్లిష్ సినిమాలు చూడమన్నారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సినిమాలు చూడు, వద్దనను. కాకపోతే కింద సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూస్తే అది చదవడమే అవుతుంది. పిల్లలకు ఇన్నేళ్లు ఇంగ్లిష్ చెప్పినదాన్ని కదా, నాకు తోచింది రాస్తున్నా. డ్యూటీ లేని రోజు తీరిగ్గా చదువుకో.

ముందు లెక్క చూద్దాం. బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ లిజనింగ్‌లో 7 బ్యాండ్ స్కోరు అడుగుతుంది. 40 ప్రశ్నల్లో దాదాపు 30 సరిగ్గా రాస్తే 7 వస్తుంది, 23 దగ్గర 6. అంటే నీకు తక్కువపడుతున్నది ఏడు మార్కులు. తప్పు రాస్తే మార్కు కోయరు కాబట్టి ఒక్క గడి కూడా ఖాళీగా వదలొద్దు.

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ప్రాక్టీస్ పేపర్లు చూశాను. అన్నిటికంటే తేలికైన మొదటి భాగంలోనే నాలుగు పోగొట్టుకున్నావు. ఒకచోట మాట చివర ఎస్ లేదు. ఒకచోట రెండు మాటలకు మించొద్దని పైన రాసి ఉంటే మూడు రాశావు. ఫోన్ నంబర్‌లో డబుల్ సెవెన్ అంటే ఒక్క ఏడే వేశావు. ఇంకోచోట రికార్డింగ్‌లో ఒకామె మంగళవారం అని, వెంటనే కాదు కాదు గురువారం అని మార్చుకుంది. నువ్వు అప్పటికే మంగళవారం రాసేసి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయావు. అలా మాట మార్చడం ఆ పరీక్షలో మామూలే. ఆ వాక్యం పూర్తయ్యేదాకా చెవి అక్కడే ఉంచు. పేర్లు, వీధుల పేర్లు అక్షరం అక్షరం చెప్తారు. ఆస్ట్రేలియా వాళ్ల నోట ఏ అనే అక్షరం మనకు ఐ లాగా వినబడుతుంది. జీ, జే దగ్గర కూడా మన పిల్లలు తడబడుతుంటారు. సున్నాను ఓ అంటారు.

రికార్డింగ్ ఒక్కసారే వేస్తారు. దానికి ముందు ప్రశ్నలు చూసుకోవడానికి కొద్దిగా టైమ్ ఇస్తారు. చాలామంది ఆ టైమ్‌లో ఊపిరి పీల్చుకుంటూ కూర్చుంటారు. నన్నడిగితే సగం పరీక్ష అక్కడే ఉంది. కాజీపేట స్టేషన్‌లో ఎన్ని అనౌన్స్‌మెంట్లు వస్తున్నా నువ్వు ఎక్కాల్సిన బండి పేరు రాగానే తల తిప్పుతావు చూడు, అలా వినాలంటే ఏం రావాలో ముందే తెలిసుండాలి. ఈ గడిలో అంకె రావాలా, ఊరు పేరా, వస్తువా? పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో. ప్రశ్నలో ఉన్న మాటనే వాళ్లు చాలాసార్లు పలకరు. ప్రశ్నలో చౌక అని ఉంటే రికార్డింగ్‌లో పెద్దగా ఖర్చు కాదు అంటారు.

మూడో భాగంలో విద్యార్థులు తమలో తాము, లేదా లెక్చరర్‌తో మాట్లాడుకుంటారు. ఇచ్చిన మూడు ఆప్షన్లూ వాళ్ల నోట వచ్చేలా చేస్తారు. చివరికి ఇద్దరూ ఏది ఒప్పుకున్నారన్నదే జవాబు. తెల్లవాళ్లు కాదని నేరుగా అనరు, నువ్వన్నది నిజమే కానీ అంటూ మెల్లగా తోసేస్తారు. ఆ కానీ తర్వాతిది విను. నాలుగో భాగం లెక్చర్, మధ్యలో ఆపరు. ఒక ప్రశ్న తప్పిపోతే పోనీ. దాని కోసం వెతుకుతూ కూర్చున్నావంటే దాని తర్వాతి రెండూ పోతాయి. నీ పేపర్లలో తప్పులు మూడేసి వరసగా ఉన్నాయి, కారణం ఇదే.

ఇప్పుడు ప్రాక్టీస్ సంగతి. రోజుకో టెస్ట్ రాసి స్కోరు చూసుకుని మూసేయడం మానెయ్. పరీక్ష తయారుచేసే కేంబ్రిడ్జ్ వాళ్లే పాత పేపర్ల పుస్తకాలు వేస్తారు, వాటి వెనక రికార్డింగ్ మొత్తం అచ్చులో ఉంటుంది. ముందు ఎక్కడా ఆపకుండా టెస్ట్ రాయి. దిద్దుకున్నాక, తప్పు పోయిన చోటికి వెళ్లి ఆ ఒక్క వాక్యాన్నే మళ్లీ మళ్లీ విను, విన్నది విన్నట్టు చేత్తో రాయి. వెనక తిప్పి చూడాలనిపిస్తుంది, చూడకు. ఇక వినబడదు అనుకున్నాకే పుస్తకంతో పోల్చి, నీకు అందని మాటలను ఎర్ర పెన్నుతో రాసుకో. ఆ మాట నీకు తెలియనిదా, తెలిసీ పట్టుకోలేకపోయావా, లేక ఆ క్షణాన మనసు ముందు ప్రశ్న మీదే ఉందా అన్నది పక్కన రాయి. తెలియనివి తక్కువే ఉంటాయి, చూడు. మనం ఇంగ్లిష్‌ను రాసినట్టే పలుకుతాం, వాళ్లు సగం అచ్చులు మింగేస్తారు. కంఫర్టబుల్ అని మనం ఎదురుచూస్తుంటే వాళ్లు కంఫ్‌టబుల్ అనేసి వెళ్లిపోతారు. అందుకే ఆ వాక్యాన్ని రికార్డింగ్‌తో పాటే, అదే వేగంతో పైకి అను. నీ నోరు తిరిగితే చెవికీ పట్టుబడుతుంది. హాస్టల్‌లో పిల్లలు నవ్వుతారేమో, నవ్వనీ. ఇలా చేస్తే ఒక్క టెస్ట్‌కే మూడు నాలుగు రోజులు పట్టొచ్చు. నైట్ డ్యూటీ నుంచి వచ్చి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పడుకుంటే మాత్రం నిద్ర తప్ప ఏమీ రాదు.

పరీక్ష కంప్యూటర్‌లోనేనా, పేపర్ మీద రాసే వీలు ఇంకా ఉందా అన్నది ముందే కనుక్కో. పేపర్ మీదైతే జవాబులు దించుకోవడానికి చివర్లో పది నిమిషాలు ఇస్తారు, కంప్యూటర్‌లో చూసుకోవడానికి రెండు నిమిషాలే. కంప్యూటర్ అయితే వింటూనే టైప్ చేయడం ఇప్పటినుంచే అలవాటు చేసుకో. హెడ్‌ఫోన్ సౌండ్ తక్కువగా ఉంటే మొదలయ్యే ముందే చెప్పు, మొహమాటపడకు. లిజనింగ్, రీడింగ్, రైటింగ్ మధ్యలో బ్రేక్ ఉండదు, కడుపునిండా తిని వెళ్లకు.

పరీక్ష హైదరాబాద్‌లో అయితే తెల్లవారుజామున బస్సు ఎక్కే సాహసం వద్దు. ముందురోజే ఉప్పల్‌లో మీ అన్న ఇంటికి వెళ్లి పడుకో, నేను వాడికి ఫోన్ చేసి చెప్తా. ఈలోగా ఎర్ర పెన్నుతో రాసిన పేజీలు ఫోటో తీసి పెట్టు. స్కోర్లు నాకొద్దు.

మీ పెద్దమ్మ,
హనుమకొండ