ఆ నేలమాళిగ సీను గురించి

తమ్ముడూ,

ఫ్రెంచ్ హాస్యనటుడు లూయీ ద ఫ్యూనెస్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. చకచకా సాగింది. కానీ నాకో పేచీ ఉంది. పన్నెండు పేజీల్లో పదకొండు 1964లో అతనికి పేరొచ్చిన తర్వాతి కథే. అంతకు ముందటి యాభై ఏళ్లనూ ‘ఎన్నో కష్టాలు పడి’ అని తేల్చేశావు. ఒకప్పుడు ఓ నాటక నటుడి సంస్మరణలో నేనూ ఇదే మాట రాశాను. ఆయన భార్య ఫోన్ చేసి, “ఏ కష్టాలండీ?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఇతని కష్టాలకు చిరునామాలున్నాయి. తల్లిదండ్రులు స్పెయిన్ వాళ్లు. 1914లో పారిస్ పక్కన కూర్బెవ్వాలో పుట్టాడు. పారిస్‌లోని పిగాల్ పేట బార్లలో రాత్రిళ్లు పియానో వాయించాడు. తాగేవాళ్లు వాయించేవాడి వంక చూడరు, వాడు మాత్రం అందర్నీ చూస్తుంటాడు. (ఇది నా ఊహ. నువ్వు వాడుకుంటే ఊహ అనే రాయి.) ముప్పై దాటాక సినిమాల్లోకి వచ్చాడు. మొదటి వేషం కాబరే గుమ్మం దగ్గర కాపలావాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి అన్నీ చిల్లర వేషాలే.

1956లో వచ్చిన ‘లా త్రవెర్సే ద పారీ’ సినిమా చూశావా? జర్మన్ల చేతిలో ఉన్న పారిస్. నేలమాళిగలో దొంగచాటుగా పందిని కోసి బ్లాక్‌లో అమ్మే కిరాణా కొట్టువాడు మనవాడు. అది అరిస్తే బయటికి వినబడకుండా పక్కన అకార్డియన్ వాయిస్తుంటారు. మాంసం మోసే వేషంలో ఉన్న నటుడు జాఁ గాబెన్ కూలి పెంచమని, కొట్టువాడి పేరు, ఇంటి నంబరుతో సహా గొంతెత్తి అరుస్తాడు. అరిచిన కొద్దీ రేటు పెరుగుతుంది. అరిచేది గాబెన్, మనం చూసేది మాత్రం పిసినారితనానికీ ప్రాణభయానికీ మధ్య నలిగే ఆ కొట్టువాణ్ణి.

ఎనిమిదేళ్ల తర్వాత, 1964 నాటి సినిమాలో, సాఁ త్రోపే ఊరి పోలీసు వేషంలో నవ్వించింది కూడా ఇలాంటివాడే: పైవాడి ముందు వంగేవాడు, కిందివాడి మీద ఎగిరేవాడు. ఈ లంకె నీ వ్యాసంలో లేదు. 1966 నాటి అతని సినిమా ‘లా గ్రాండ్ వద్రూయ్’కి ఫ్రాన్స్‌లో కోటీ డెబ్భై లక్షలకు పైగా టికెట్లు తెగాయని నాలుగు పేరాలు రాశావు, ఒక్క వాక్యం చాలు. 1975లో గుండెపోటు వచ్చింది, సరే. అతను తోటలో పెంచిన గులాబీలకు మాత్రం కాస్త చోటివ్వు.

తిరగరాసే ముందు ఆ నేలమాళిగ సీను ఇంకోసారి చూడు. ఈసారి సౌండ్ ఆపేసి.

మీ అన్నయ్య