అల్లుడి రుచికి అలికాంతే సరుకు

చి.ల.సౌ. స్వాతికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీరిద్దరూ ఇంగ్లండులోని లీడ్స్ నుంచి ఇక్కడ స్పెయిన్‌లో అలికాంతే దగ్గరి పల్లెకి ఇల్లు మారుస్తున్నారని మీ అమ్మ చెప్పింది. అద్దె సగానికి సగం తగ్గుతుంది కదా అని ధైర్యంగా ఉన్నారట. ఈ తీరంలో స్థిరపడ్డ బ్రిటిష్ వాళ్ళ ఇళ్ళల్లో డబ్బు అద్దె దగ్గర కారిపోదమ్మా. ఇంగ్లిష్ సరుకుల కొట్లో డబ్బాలకీ, కరెంటు బిల్లుకీ కారిపోతుంది. మన ఇంగ్లిష్ అల్లుడికి కావలసిన రుచులన్నీ ఇక్కడి సరుకుతోనే వస్తాయి, కాకపోతే కొలత తెలియాలి. అందుకే ఈ ఉత్తరం.

ముందు సూట్‌కేసు సంగతి. 2021 జనవరి 1 నుంచి గ్రేట్ బ్రిటన్ నుంచి వచ్చేవాళ్ళు మాంసం, పాల పదార్థాలు సొంతానికి కూడా తేకూడదు. బేకన్, సాసేజీలు, చెడ్డార్ చీజ్ పట్టుబడితే చెత్తబుట్టలోకే. మీ అత్తగారు ప్రేమగా కట్టిచ్చిన హామ్ శాండ్‌విచ్ అయినా అంతే. టీ పొట్లాలు, కస్టర్డ్ పౌడర్, రొట్టెకి రాసుకునే ఉప్పటి ఈస్ట్ ముద్ద మార్మైట్, బిస్కెట్లు, చాక్లెట్ తెచ్చుకోవచ్చు. బరువంతా టీకే ఇవ్వు. ఇక్కడి దుకాణాల్లో మామూలుగా దొరికే టీ సంచుల్లో పొడి తక్కువ, పాలు పోస్తే రంగే రాదు. పైగా ఈ తీరం నీళ్ళలో సున్నం ఎక్కువ, కప్పు మీద తెట్టు కడుతుంది. యార్క్‌షైర్ టీలో సున్నపు నీళ్ళ కోసమే చేసిన రకం ఉంది, అది తెచ్చుకో. పాలు అరల మీద వరసగా పేర్చిన అట్టడబ్బాలవి కొనకు. అవి బాగా మరిగించి నిలవ చేసినవి, టీలో ఆ వాసన తెలుస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టి అమ్మే "లెచె ఫ్రెస్కా" అడుగు. కెటిల్‌లో సున్నం పొర కట్టినప్పుడు వెనిగరు, నీళ్ళు సమంగా పోసి మరిగించి గంటసేపు వదిలేసి, కడిగి, ఒకసారి ఉత్త నీళ్ళు కాచి పారబొయ్యి.

ఇంగ్లండులో బేకింగ్ పౌడర్ ముందే కలిపి అమ్మే సెల్ఫ్ రెయిజింగ్ పిండికి అలవాటు పడ్డ చెయ్యి ఇక్కడ మొదట కేకు దగ్గరే దెబ్బ తింటుంది. కేకులకి "హరీనా దె రెపొస్తెరియా" అని రాసినది తీసుకో. "ఫ్వెర్సా" అని ఉన్నది రొట్టెకి, దాంతో కేకు చేస్తే సాగుతుంది. 100 గ్రాముల పిండికి చదునుగా ఒక టీస్పూను, అంటే 5 గ్రాముల బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు కలిపి రెండుసార్లు జల్లించు. 16 గ్రాముల పొట్లం 300 గ్రాములకి సరిపోతుంది. ఇక్కడో చిక్కుంది. బేకింగ్ పౌడర్‌నీ ఈస్ట్‌నీ రెండింటినీ "లెవదూరా" అనే అంటారు. "కీమికా" అని ఉంటే బేకింగ్ పౌడర్. "ఫ్రెస్కా" అనో "పనదెరియా" అనో ఉంటే ఈస్ట్. ఇక డంప్లింగులకి, అంటే పులుసులో ఉడికించే పిండి ఉండలకి, అడిగే స్యూయెట్ కొవ్వు వెతుక్కుంటూ తిరగకు. వెన్నని డీప్ ఫ్రీజర్‌లో రాయిలా గట్టిపరచి, కొబ్బరి కోరినట్టు కోరి, అదే బరువు వాడు. చల్లగా ఉన్న తురుము ఆలస్యంగా కరుగుతుంది, అది కరిగిన చోట ఖాళీలు మిగిలి పిండి తేలికవుతుంది. మెత్తబడ్డ వెన్న వేస్తే గట్టి ఉండలే వస్తాయి.

టోస్ట్ మీద బీన్స్ లేకపోతే అల్లుడికి తెల్లారదని నాకు తెలుసు. ఇంగ్లండు నుంచి దిగిన డబ్బా ఒక్కొక్కటీ కొనే బదులు ఒకేసారి చేసి పెట్టుకో. "అలూబియా బ్లాంకా" అనే తెల్ల చిక్కుడు గింజలు 250 గ్రాములు, లీటరు నీళ్ళకి పావు టీస్పూను వంటసోడా వేసి రాత్రంతా నానబెట్టు. సున్నపు నీళ్ళలో గింజ తొక్క మెత్తబడదు, సోడా అందుకే. పొద్దున ఆ నీళ్ళు పారబోసి కొత్తనీళ్ళతో కుక్కర్‌లో ఉడికించు. ఇక్కడి కుక్కర్లు చాలావరకు మనవాటిలా విజిల్ వెయ్యవు. ప్రెషర్ గుర్తు పైకి లేచాక 15 నిమిషాలు గడియారం చూసుకోవాలి. గింజ వేళ్ళ మధ్య నలిగాకే టమాటా పొయ్యి. ముందే పోస్తే ఆ పులుపుకి గింజ బిగుసుకుపోయి ఎంత ఉడికించినా పలుకు పోదు. అట్టడబ్బాలో అమ్మే "తొమాతె ఫ్రీతో" అనే వండిన టమాటా గుజ్జు 350 గ్రాములు, గింజలు ఉడికిన నీళ్ళు 150 మిల్లీలీటర్లు, వెనిగరు ఒక టేబుల్ స్పూను, చక్కెర ఒక టీస్పూను, తీపి మిరపపొడి, ఆవపిండి అరేసి టీస్పూను, "సాల్సా పెర్రిన్స్" ఒక టీస్పూను వేసి సన్న సెగ మీద 20 నిమిషాలు ఉంచు. ఆ అట్టడబ్బా టమాటాలో చక్కెర ముందే ఉంటుంది, రుచి చూడకుండా ఇంకా వెయ్యకు. పెర్రిన్స్ అంటే వూస్టర్ సాసే, అందులో చేప ఉంటుంది. నువ్వు తినే గిన్నెలో మానెయ్యి. 200 గ్రాముల చొప్పున డబ్బాల్లో సర్ది ఫ్రీజర్‌లో పెడితే ఐదారుసార్లకి వస్తుంది.

సాసేజీల సంగతి ఇంకా సులువు. ఇక్కడి సాసేజీలో మాంసమే తప్ప రొట్టెపొడి ఉండదు. అందుకే అల్లుడికి అవి ఎండిపోయినట్టు అనిపిస్తాయి. బ్రిటిష్ సాసేజీకి ఆ మెత్తదనం ఇచ్చేది రొట్టెపొడే. అది కొవ్వునీ నీటినీ పట్టి ఉంచుతుంది. పంది కీమా 500 గ్రాములు, "పాన్ రయ్యాదో" అనే రొట్టెపొడి 75 గ్రాములు, చల్లటి నీళ్ళు 75 మిల్లీలీటర్లు, ఉప్పు 8 గ్రాములు, ఎండు సేజ్ ఆకు ఒక టీస్పూను, తెల్ల మిరియాల పొడి అర టీస్పూను, కొద్దిగా జాజికాయ. సేజ్‌ని ఇక్కడ "సాల్వియా" అంటారు. కలిపి గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచి వడల్లా తట్టి తక్కువ నూనెలో వేయించు. పేగు తొడుగు కోసం అవస్థ పడక్కర్లేదు. నాలుగు వడలు ఒకేసారి పెనం మీద కుక్కితే వేగవు, ఉడుకుతాయి.

ఇప్పుడు కరెంటు. ఇంట్లో అడుగు పెట్టగానే పాత బిల్లు అడిగి "పొతెన్సియా" ఎంతో చూడు. ఇల్లు ఒకేసారి ఎన్ని కిలోవాట్లు లాగవచ్చో చెప్పే అంకె అది. చాలా ఇళ్ళకి 3.45 ఉంటుంది. ఇంగ్లండు కెటిల్ ఒక్కటే 3 కిలోవాట్లు. ఓవెన్ రెండు, రెండున్నర. నీళ్ళ హీటరు ఒకటిన్నర. ఓవెన్ నడుస్తుండగా అల్లుడు టీ పెట్టాడా, ఇల్లు చీకటి. ఫ్యూజు పోయిందని ఎలక్ట్రీషియన్‌ని పిలవకు. ఒక వస్తువు ఆపి, మెయిన్ స్విచ్ కిందికి దించి, కొన్ని సెకన్లాగి పైకి ఎత్తితే చాలు. పొతెన్సియా పెంచుకోమని అందరూ చెబుతారు. పెంచితే ఒకసారి రుసుము కట్టాలి, పైగా వాడినా వాడకపోయినా ప్రతి నెలా ఆ భారం ఉంటుంది. ఇద్దరే ఉన్న ఇంటికి అది దండగ అని నా అభిప్రాయం. లీడ్స్ కెటిల్ అక్కడే ఎవరికైనా ఇచ్చేసి ఇక్కడ తక్కువ వాట్లది కొనుక్కో.

2021 జూన్ నుంచి ఇళ్ళ కరెంటుకి మూడు వేళలు పెట్టారు. సోమ నుంచి శుక్రవారం దాకా ఉదయం 10 నుంచి 2, సాయంత్రం 6 నుంచి రాత్రి 10 ఖరీదైన వేళ. 8 నుంచి 10, మధ్యాహ్నం 2 నుంచి 6, రాత్రి 10 నుంచి 12 మధ్యరకం. అర్ధరాత్రి నుంచి ఉదయం 8 దాకా, శని ఆదివారాలు, జాతీయ సెలవులు పూర్తిగా చవక. మీ ఒప్పందం గంటల లెక్కదో, అన్ని వేళలా ఒకే రేటుదో ముందు చూసుకో, ఒకే రేటుదైతే ఈ లెక్క వర్తించదు. గంటల లెక్కదైతే ఓవెన్‌లో కాల్చే ఆదివారం రోస్ట్ భోజనం మీకు కలిసొచ్చినట్టే, వారంలో ఓవెన్ వెలిగించాల్సింది ఆ రోజే. నీళ్ళ హీటరుకి టైమర్ తగిలించి తెల్లవారుజామున నడిపించు. కానీ 60 డిగ్రీలకన్నా తగ్గించకు, గోరువెచ్చటి నీళ్ళలో క్రిములు పెరుగుతాయి.

ఆ ఆదివారం ఓవెన్ ఒకసారి వేడెక్కాక దాన్ని ఖాళీగా వదలకు. 1.7 కిలోల కోడికి 190 డిగ్రీల్లో కిలోకి 45 నిమిషాలు, పైన ఇంకో 20, అంటే దాదాపు గంటా ముప్పై ఐదు నిమిషాలు. తొడ దగ్గర పొడిస్తే తేట నీరు రావాలి. బంగాళాదుంపలు "అగ్రియా" రకం అడుగు, పిండి ఎక్కువ కాబట్టి వేయించినా రోస్ట్ చేసినా కరకరలాడతాయి. కొత్త దుంపలు నీరుగా ఉంటాయి, ఎంతసేపు ఉంచినా తోలులా సాగుతాయి. తొక్క తీసి 8 నిమిషాలు ఉడికించి, నీళ్ళు వంచి, గిన్నె మూత పెట్టి కుదిపి అంచులు గరుకు చెయ్యి. ఆ గరుకే తర్వాత పొర కడుతుంది. కోడికి చివరి గంటలో వేడి నూనెలో వేసి పక్కన పెట్టు. కోడి బయటికి తీశాక సెగ 220కి పెంచి యార్క్‌షైర్ పుడ్డింగ్ పెట్టు. గుడ్లు, పాలు, మైదా మూడూ ఒకే గిన్నెతో సమానంగా కొలిచి కలిపి, గుంటల ట్రేలో పొగ వచ్చేంత వేడెక్కిన నూనె మీద పొయ్యి. 20 నిమిషాలు తలుపు తెరవకూడదు. నూనె చల్లగా ఉన్నా, మధ్యలో తలుపు తీసినా చదునైపోతుంది. అందులో బేకింగ్ పౌడర్ అక్కర్లేదు, వేస్తే పైకి పొంగదు. సెగ తగ్గుతుండగా ఆపిల్ క్రంబుల్: పండు ముక్కలు 700 గ్రాములు, మీద పిండి 175, వెన్న 110, చక్కెర 110 చేత్తో నలిపి చల్లినది, 180 దగ్గర 40 నిమిషాలు. వారపు సంత ముగిసే వేళ, ఒంటిగంటన్నర దాటాక వెళితే మగ్గిన పళ్ళు బేరానికి వస్తాయి. క్రంబుల్‌కి అవే మేలు.

మిగిలిన కోడి సోమవారం కూరలోకో, "పై" అనే కూరిన పిండివంటలోకో, ఎముకలు కుక్కర్‌లో 40 నిమిషాలు పెడితే లీటరున్నర సూప్ నీళ్ళు. మిగిలిన దుంపలూ క్యాబేజీ కలిపి పెనం మీద కాల్చిపెట్టు, అల్లుడు బడిపిల్లాడిలా తింటాడు.

జనవరి, ఫిబ్రవరిల్లో ఒక పని తప్పక చెయ్యి. మార్మలేడ్ అనే నారింజ తొక్కల జామ్‌కి కావలసిన సెవిల్ చేదు నారింజ ఆ రెండు నెలలే వస్తుంది. స్పెయిన్ వాళ్ళు దాన్ని తినరు, కాయలో ఎక్కువ భాగం బ్రిటన్‌కే ఓడెక్కుతుంది. సంతలో "నరాన్హా అమార్గా" అని ముందు వారమే చెప్పి పెట్టు. వీధిలో చెట్లకి వేలాడేవి కొయ్యకు, వాటి మీద మందులు కొడతారు, కార్ల పొగ ఉంటుంది. కిలో కాయలకి 2 కిలోల చక్కెర, రెండున్నర లీటర్ల నీళ్ళు, ఒక నిమ్మకాయ. రసం పిండి, గింజలూ లోపలి తెల్లటి పీచూ పల్చటి గుడ్డలో మూటగట్టు. పారెయ్యకు, గడ్డకట్టించే పెక్టిన్ వాటిలోనే ఉంటుంది. తొక్క సన్నగా తరిగి, రసం, నీళ్ళు, మూట కలిపి రాత్రంతా ఉంచు. మర్నాడు సన్న సెగ మీద రెండు గంటలు, తొక్క వేళ్ళ మధ్య గుజ్జయ్యేదాకా ఉడకాలి. కుక్కర్‌లో అయితే లీటరు నీళ్ళతో, సగానికి మించి నింపకుండా, 15 నిమిషాలు చాలు. మూట చల్లారాక గట్టిగా పిండి ఆ జిగురంతా గిన్నెలోకి రాబట్టు. అప్పుడే చక్కెర. తొందరపడి ముందు వేశావా, తొక్క చెప్పుల తోలులా బిగుస్తుంది, ఇక దాన్ని బాగుచేసే దారి లేదు. చక్కెర సన్న సెగ మీద పూర్తిగా కరిగాక పెద్ద సెగ. 15 నిమిషాల తర్వాత ఫ్రిజ్‌లో ఉంచిన పళ్ళెం మీద బొట్టు వేసి ఒక నిమిషమాగి వేలితో నెట్టు. ముడత పడితే అయినట్టు, థర్మామీటరు ఉంటే 104, 105 మధ్య. దాటిపోతే నల్లబడి జీడిపాకమవుతుంది. దించి పావుగంట ఆగు, లేకపోతే సీసాలో తొక్కంతా పైకి తేలుతుంది. ఓవెన్‌లో వేడి చేసిన సీసాల్లో వేడిగానే నింపు. 7, 8 సీసాలొస్తాయి. పల్చగా మిగిలితే కంగారు వద్దు, మళ్ళీ మరిగించవచ్చు.

చలికాలం గురించి మిమ్మల్ని ఎవరూ హెచ్చరించి ఉండరు. ఈ ఇళ్ళు ఎండని తట్టుకోవడానికి కట్టినవి. నేలంతా టైల్స్, జనవరి రాత్రి ఇంట్లోకన్నా బయటే నయమనిపిస్తుంది. అందరూ గ్యాస్ హీటరు కొంటారు. నారింజ రంగు బండలో 12.5 కిలోల గ్యాస్ ఉంటుంది, అది మొత్తం మండితే 19 లీటర్ల దాకా నీరు ఆవిరై ఇంట్లోకే చేరుతుంది. గోడల మీద నల్లటి బూజు అక్కడినుంచే. కిటికీ వేలెడంత తెరిచి ఉంచు, ఆ హీటరు పెట్టుకుని పడుకోవద్దు, విషవాయువు ప్రాణాలు తీస్తుంది. నేను మెచ్చేది "మెసా కమీయా": గుండ్రటి బల్ల, నేలదాకా దిగే మందపాటి గుడ్డ, కింద ఐదారువందల వాట్ల కరెంటు కుంపటి. ఇల్లంతా వేడెక్కించే బదులు కాళ్ళు వేడెక్కించుకోవడమన్నమాట. గుడ్డ అంచు కుంపటికి తగలకుండా చూసుకో, లేచేటప్పుడు ఆపు. ఎండాకాలం సంగతి రెండు ముక్కల్లో: పది గంటలకల్లా షట్టర్లు దించెయ్యి, వంట అంతకుముందే ముగించు.

గ్యాస్ అమరికకి ఐదేళ్ళకోసారి తనిఖీ ఉండాలి, రబ్బరు గొట్టం మీద గడువు తేదీ అచ్చువేసి ఉంటుంది. ఇంట్లో దిగిన రోజే రెండూ చూడు. పిలవకుండా తలుపు తట్టి, "తనిఖీకి వచ్చాం, గొట్టం మార్చాలి, డబ్బివ్వండి" అనేవాళ్ళు ముసలి ఇంగ్లిష్ జంటల్ని వెతుక్కుంటూ తిరుగుతారు. లోపలికి రానివ్వకు, బండ తెచ్చే మనిషిని అడిగి కంపెనీకి నువ్వే ఫోన్ చెయ్యి.

లీడ్స్ నుంచి తెచ్చే సామాన్లలో ఒక పొడుగు ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టు. దాని ప్లగ్ ఒక్కటి ఇక్కడిదానికి మార్పిస్తే మిక్సీ, రేడియో, ఛార్జర్లు అన్నిటికీ అడాప్టర్లు కొనక్కర్లేదు. హీటర్లు మాత్రం దానికి తగిలించొద్దు. అక్కడి గ్యాస్ పొయ్యి మొయ్యకండి, ఈ గ్యాస్‌కి దాని రంధ్రాలు సరిపోవు. కొలత చెంచాలు, చిన్న త్రాసు నీ చేతిసంచిలోనే ఉంచుకో.

ఇట్లు,
పెద్దమ్మ